అమెరికన్ సాకెట్ సెట్టు చవకగా దొరికిన రోజులు

(టెక్సస్‌లో డాలస్ – ఫోర్ట్‌వర్త్ ప్రాంతపు తెలుగువాళ్ల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు ఆహ్వానపత్రంలో ‘అమెరికా తయారీ రంగం – ఒక పరిశీలన’ అని చాలా పెద్ద పేరు పెట్టారు. అంత బరువు నేను మోయలేనండి. ఈ గంటలో ఒక్క వస్తువు గురించే మాట్లాడతాను. సాకెట్ సెట్టు. నట్టు తలకు తొడిగే గిన్నెలాంటి ముక్క సాకెట్టు; రకరకాల సైజుల సాకెట్లు, వాటిని తిప్పే పిడి కలిపి ఉన్న పెట్టె సాకెట్ సెట్టు.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది గరాజ్‌లో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. పిల్లవాడి సైకిలు బిగించడానికో, కారు బ్యాటరీ మార్చడానికో ఎప్పుడో కొన్నది. మూత మీద 200 పైచిలుకు పీసులని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇంటికెళ్లి ఒకసారి లెక్కపెట్టండి. చాలా పెట్టెల్లో ఆ లెక్కలో పెద్ద వాటా స్క్రూడ్రైవరు బిట్లది, ఎల్ ఆకారపు అలెన్ కీలది. అగ్గిపుల్లంత బిట్టూ ఒక పీసే, రాచెట్టూ, అంటే ముందుకూ వెనక్కూ ఆడిస్తే నట్టును ఒకే వైపు తిప్పే పిడి కూడా, ఒక పీసే. (నవ్వులు) తర్వాత పెట్టె వెనక్కి తిప్పి చూడండి. తైవాన్ అనో, చైనా అనో ఉంటుంది.

ఒకప్పుడు అదే ధర స్థాయిలో, అంటే వారం జీతం మీద బతికే మనిషి పెద్దగా ఆలోచించకుండా కొనగలిగే ధరలో, అమెరికాలో తయారైన సెట్టు దొరికేది. ఇప్పుడు అమెరికాలో తయారైన సాకెట్లు లేవా? ఉన్నాయి. చాలా మంచివి ఉన్నాయి. కానీ ఒక్క సాకెట్టుకే ఇరవై, ముప్పై డాలర్లు అడుగుతారు. కాబట్టి నా లెక్కలో ఇక్కడ పోయింది తయారీ మొత్తం కాదు. చవకగా తయారు చేయడం పోయింది. అది ఎందుకు సాధ్యమైందో, ఎందుకు చెడిందో చెప్పాలని నా ప్రయత్నం.

వందేళ్లు వెనక్కి వెళ్దాం. 1920కి ముందు మెకానిక్కులు వాడిన సాకెట్ పానాలు చాలావరకు ఒకే ముక్కగా ఉండేవి. పిడి, సాకెట్టు కలిసే. పది సైజులు కావాలంటే పది పానాలు. పొట్టి పిడి, పొడుగు పిడి, వంకర పిడి అన్నీ కావాలంటే యాభై పానాలు. మిల్వాకీలో ఒక గ్రైండింగ్ కంపెనీలో పనిచేసే జోసెఫ్ జాన్సన్ అనే ఆయనకు పిడిని, సాకెట్టును విడదీస్తే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. ఐదు పిడులు, పది సాకెట్లు. ఏ పిడికి ఏ సాకెట్టైనా టక్కున తగిలించుకోవచ్చు. యజమానులకు నచ్చలేదు. తోటి ఉద్యోగి విలియం సీడెమన్‌తో కలిసి తనే నమూనా సెట్లు చేసి, ఇద్దరు సేల్స్‌మెన్‌తో విస్కాన్సిన్ అంతటా తిప్పించాడు. వందల ఆర్డర్లు వచ్చాయి. అదే స్నాప్-ఆన్ కంపెనీ. ‘ఐదు చేస్తాయి యాభై పని’ అన్నది వాళ్ల నినాదం.

ఈ కాలాన్ని గమనించండి. ఫోర్డు మోడల్-టి రోడ్ల మీద లక్షల్లో తిరుగుతున్న రోజులు. 1927లో దాని తయారీ ఆపేనాటికి కోటిన్నర బళ్లు చేశారు. ప్రతి బండికీ నట్లు, బోల్టులు. ప్రతి పల్లెలో ఎవరో ఒకరు వాటిని విప్పాలి, బిగించాలి. కొనేవాడు లేక సాకెట్లు ఆగిపోయిన కాలం కాదది.

సాకెట్టు వెనక ఉండే చతురస్రపు రంధ్రం, పిడి దూరేది, పావు అంగుళం, 3/8 అంగుళం, అర అంగుళం. ఈ సైజునే డ్రైవు అంటారు. ప్రపంచమంతా మిల్లీమీటర్లకు మారినా ఇది మాత్రం అంగుళాల్లోనే ఉండిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో 17 ఎంఎం నట్టు విప్పే మెకానిక్కు చేతిలో కూడా హాఫ్ ఇంచి డ్రైవే ఉంటుంది. నట్టు మెట్రిక్కు, పిడి అమెరికన్ అంగుళం.

సరే, స్నాప్-ఆన్ ఎప్పుడూ చవక సరుకు కాదు. వాళ్ల వ్యాపారం మెకానిక్కుతో. వ్యాను వేసుకుని ప్రతివారం వర్క్‌షాపు గుమ్మంలోకే వస్తారు. అరువు మీద ఇస్తారు, వారం వారం వసూలు చేసుకుంటారు. పనిముట్టు విరిగితే అక్కడికక్కడే మారుస్తారు. ఆ సేవ ఖర్చంతా ధరలో ఉంటుంది. ఈరోజు నా కథ వాళ్ల గురించి కాదు. ఇంట్లో కారు కింద పడుకుని తన పని తనే చేసుకునే మామూలు మనిషి ఏం కొన్నాడన్నది నా ప్రశ్న. ఆయన సియర్స్‌కు వెళ్లాడు.

సియర్స్ అప్పటికే కేటలాగ్ వ్యాపారంలో మహారాజు. 1925లో రిటైల్ దుకాణాలు తెరవడం మొదలుపెట్టింది. 1927లో ‘క్రాఫ్ట్స్‌మన్’ అన్న పేరును ఒక చిన్న పనిముట్ల కంపెనీ దగ్గర 500 డాలర్లకు కొనుక్కుంది. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. పేరైతే కొంది గానీ ఫ్యాక్టరీ పెట్టలేదు. క్రాఫ్ట్స్‌మన్ సాకెట్లు మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మూర్ డ్రాప్ ఫోర్జింగ్ లాంటి వాళ్లు చేసి పెట్టేవారు. సియర్స్ ఆర్డరిచ్చేది, పేరు ముద్రించుకునేది, అమ్ముకునేది. ఫాదర్స్ డేకి, క్రిస్మస్‌కి ధర తగ్గించి గుట్టలు పోసి అమ్మేది. పైగా జీవితకాలపు గ్యారంటీ. విరిగిన సాకెట్టు పట్టుకెళ్తే రసీదు కూడా అడగకుండా కొత్తది చేతిలో పెట్టేవారు.

ఇంత చవకగా ఎలా ఇచ్చారు? ఇది అర్థం కావాలంటే సాకెట్టు ఎలా పుడుతుందో చూడాలి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నేను ఉత్పత్తి ఇంజనీరుని, ఈ భాగం మీదే నాకు మోజు.

క్రోమ్-వెనేడియం కలిసిన ఉక్కు కడ్డీ వస్తుంది. దాన్ని ముక్కలు కోస్తారు. ఒక్కో ముక్కను ప్రెస్సులో డైల మధ్య, అంటే ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒత్తితే ఒక చివర ఆరు పలకల గుంట, రెండో చివర చతురస్రపు రంధ్రం ఏర్పడతాయి. బయటి ఒళ్లు లేత్ మీద చెక్కుతారు. సైజు, పేరు ముద్ర వేస్తారు. తర్వాత కొలిమిలో ఎర్రగా కాచి నూనెలో ముంచుతారు. అప్పుడది గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ తక్కువ వేడి మీద కాచి ఆ పెళుసుదనం తీస్తారు. మన ఊరి కమ్మరి కొడవలికి చేసే పనే, కాకపోతే ఇక్కడ ఉష్ణోగ్రత డిగ్రీల్లో, కాలం నిమిషాల్లో కొలుస్తారు. తర్వాత గులకరాళ్లలాంటి వాటితో కలిపి డ్రమ్ముల్లో దొర్లించి నునుపు చేస్తారు. చివరికి నికెల్ పూత, దాని మీద పల్చటి క్రోమియం పూత.

ఈ వరసలో ఒక్క సాకెట్టు మీద మనిషి చెయ్యి పడే సమయం చాలా తక్కువ. కూలి ఖర్చు వల్లే అమెరికా ఓడిపోయింది అంటుంటారు కదా, ఆ మాట సగమే నిజం. అసలు ఖర్చు ప్రెస్సులది, డైలది, కొలిమిది, పూత తొట్లది. డైలు అరిగిపోతాయి. ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మారాలంటే ప్రెస్సు ఆపాలి, డై దించాలి, కొత్తది ఎక్కించాలి, సరిచూసుకోవాలి. ఆ సేపంతా యంత్రం ఖాళీగా నిలబడి ఉంటుంది.

ఇప్పుడు సైజులు లెక్కపెట్టండి. మూడు రకాల డ్రైవులు. ప్రతి డ్రైవులో అంగుళాల సైజులు, మిల్లీమీటర్ల సైజులు. ప్రతిదానిలో పొట్టి, పొడుగు. మళ్లీ ఆరు పలకలవి, పన్నెండు పలకలవి. ఒక్క బ్రాండు పూర్తి వరస చేయాలంటే వందల రకాల భాగాలు. 10 ఎంఎం లక్షల్లో పోతుంది, 16 ఎంఎం అడిగే నాథుడుండడు, అయినా సెట్టులో ఉండాలి కాబట్టి రెండూ చేయాలి. డై ఒకసారి ఎక్కిస్తే ఎన్ని వేలు లాగితే పీసు ఖర్చు అంత పడిపోతుంది. పిండి కొద్దీ రొట్టె. ఒకే కొనుగోలుదారు ఏడాది పొడుగునా ఫలానా ఇన్ని లక్షల సెట్లు తీసుకుంటానని మాటిస్తే, ఫ్యాక్టరీవాడు ధైర్యంగా యంత్రం మీద డబ్బు పెడతాడు, చవకగా ఇస్తాడు. దేశంలో అంత పెద్ద మాట ఇవ్వగల దుకాణం సియర్స్.

అందుకే నేనంటాను, చవక అమెరికన్ సాకెట్టు వెనక ఉన్నది ఆర్డరు. ‘అమెరికన్ పనితనం’ అని మనం మురిసిపోయేదంతా ఆ ఆర్డరు నీడలో పెరిగింది.

ఈ చవకతనానికి మరో వైపు కూడా చెప్పాలి, లేకపోతే సియర్స్ ఏదో ధర్మసత్రం అనుకుంటారు. పీటర్ రాబర్ట్స్ అని, మసాచుసెట్స్‌లో సియర్స్ దుకాణంలో గుమాస్తా. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. 1960ల మొదట్లో ఒక రాచెట్ కనిపెట్టాడు. వెనక మీట నొక్కితే సాకెట్టు దానంతటదే ఊడి వచ్చేస్తుంది, గ్రీజు చేత్తో పట్టుకుని పీకక్కర్లేదు. ఈరోజు మీ పెట్టెలో ఉన్న రాచెట్టు వెనక ఆ మీట ఉంటే, అది ఆ కుర్రాడి ఆలోచనే. సియర్స్ అతనికి పీసుకు రెండు సెంట్లు ఇస్తామంది, అదీ మొత్తం పదివేల డాలర్లు దాటకుండా. అతను సంతకం పెట్టాడు. కొన్ని నెలల్లోనే ఆ పదివేలు నిండిపోయాయి. తర్వాత అమ్ముడైన లక్షల రాచెట్లకు అతనికి దమ్మిడీ రాలేదు.

1969లో కోర్టుకెక్కాడు. తయారీ ఖర్చు ఎంతో, ఎన్ని అమ్ముడవుతాయో తమకు తెలిసిన సంగతులు సియర్స్ అతనికి సరిగా చెప్పలేదని విచారణలో తేలింది. 1977లో జ్యూరీ పది లక్షల డాలర్లు ఇప్పించింది. వ్యాజ్యం అక్కడితో ఆగలేదు, సాగి సాగి 1989లో 82 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ కుర్రాడు అప్పటికి నలభైల్లో ఉన్నాడు. మన దగ్గర వ్యాజ్యాలు తాతల నాటివి అని వెక్కిరిస్తారు గానీ, ఇక్కడా తక్కువేం కాదు. (నవ్వులు)

ఇక పనిముట్లు చేసిన ఊళ్ల, కంపెనీల సంగతి. స్ప్రింగ్‌ఫీల్డ్ చెప్పాను. కనెక్టికట్‌లో న్యూ బ్రిటన్, స్టాన్లీ పుట్టిన ఊరు, 1843 నుంచి. షికాగోలో ఎస్‌కె, ఆర్మ్‌స్ట్రాంగ్. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్‌లో బానీ. బ్రూక్లిన్‌లో మొదలైన విలియమ్స్. లాస్ ఏంజెలెస్‌లో 1907లో పుట్టిన ప్లాంబ్, తర్వాత ప్రోటో అయింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో వెస్టర్న్ ఫోర్జ్, క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లు చేయడానికే 1960ల్లో పుట్టింది. ఇందులో కొన్ని సొంత పేరుతోనూ అమ్మేవి, సియర్స్ లాంటివాళ్లకూ చేసి పెట్టేవి.

1970లలో వీళ్లందరికీ ఒక వరం దొరికింది. అమెరికన్ కార్లు మెట్రిక్ నట్లకు మారడం మొదలుపెట్టాయి. గ్యారంటీ సెట్టుతో ఒక చిక్కుంది కదా, కొన్నవాడు మళ్లీ కొనడు. నాన్నది కొడుక్కి, కొడుకుది మనవడికి. మెట్రిక్ వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ రెండో సెట్టు కొనాల్సొచ్చింది. ఆ గిరాకీ తీరాక మళ్లీ పాత చిక్కే. దానికి తోడు కార్లు నమ్మకంగా నడవడం మొదలుపెట్టాయి, బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూతలు తప్ప ఏమీ కనపడని రోజులొచ్చాయి. ఆదివారం కారు కింద దూరే అలవాటు సన్నగిల్లింది. పతనం గురించి మాట్లాడేవాళ్లు చైనాను ఎంత తిట్టినా, ఈ సంగతి ఎక్కువగా ఎత్తరు.

సియర్స్‌కు సాకెట్లు చేసిన మూర్ వాళ్ల వ్యాపారం ఈస్కో అనే సంస్థ చేతికి, 1990లో డానహర్ చేతికి వెళ్లింది. డానహర్ అంటే రేల్స్ అన్నదమ్ములు. కంపెనీలు కొని, జపాన్ పద్ధతుల్లో వృథా తగ్గించి, లాభం పిండడంలో సిద్ధహస్తులు. కొన్నాళ్లు క్రాఫ్ట్స్‌మన్ సరుకు వాళ్లు బాగానే చేశారు. కానీ వాళ్ల చూపు క్రమంగా ప్రయోగశాల పరికరాల మీదకు, వైద్య రంగం మీదకు మళ్లింది. అక్కడ లాభం ఎక్కువ. 2010లో పనిముట్ల వ్యాపారాన్ని కూపర్ ఇండస్ట్రీస్‌తో కలిపి అపెక్స్ టూల్ గ్రూప్ అని పక్కన పెట్టారు. 2013లో దాన్ని బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు దాదాపు 160 కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఆ అటూ ఇటూ సంవత్సరాల్లోనే క్రాఫ్ట్స్‌మన్ రాచెట్లు, సాకెట్లు చైనాకు తరలాయి. పేరు అదే, పెట్టె అదే, గ్యారంటీ అదే. చాలామంది అరిగిపోయిన అమెరికన్ రాచెట్టు గ్యారంటీ కింద ఇచ్చి, చైనాది పట్టుకుని ఇంటికొచ్చారు.

ఈలోగా సియర్స్ చిక్కిపోతూ వచ్చిన సంగతి మీకు తెలుసు. పక్కనే ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే లోవ్స్, హోమ్ డిపో పెరిగాయి. వాటికి కోబాల్ట్, హస్కీ అని సొంత పేర్లు. కోబాల్ట్‌ను లోవ్స్ 1998లో మొదలుపెట్టినప్పుడు స్నాప్-ఆన్ వాళ్ల విలియమ్స్ విభాగమే చేసిపెట్టింది, అంటే సామాన్యుడికి మరో అమెరికన్ సెట్టు దొరికింది. తర్వాత ఆ కాంట్రాక్టు చేతులు మారి మారి ఆసియా చేరింది. చవక పనిముట్ల దుకాణం హార్బర్ ఫ్రైట్ అయితే దిగుమతి మీదే బతికింది. ఒకప్పుడు ఒకే దుకాణం ఇచ్చిన ఆర్డరు ఇప్పుడు నలుగురి మధ్య చీలింది. చీలిన ముక్క దేనికీ ఒక అమెరికన్ ఫోర్జ్‌ను, అంటే ఉక్కును ఒత్తి పనిముట్లు చేసే ఫ్యాక్టరీని, నిండుగా నడిపేంత బరువు లేదు. తైవాన్ ఫ్యాక్టరీకి మాత్రం ఆ నలుగురి ఆర్డర్లూ ఒకే గుమ్మంలోకి వస్తాయి. అర్థమైందా అండి? సియర్స్ అమెరికాలో చేసిన పని, తైవాన్‌లో ఇప్పుడు ప్రపంచమంతా కలిసి చేస్తోంది.

నాణ్యత గురించి ఒక మాట. తైవాన్ సాకెట్టు నాసిరకం అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రోజులు పోయాయి. 1960లలో స్నాప్-ఆన్ ఫ్లాంక్ డ్రైవ్ అని ఒక పద్ధతి తెచ్చింది. మామూలు సాకెట్టు నట్టు మూలల మీద ఒత్తుతుంది, మూలలు గుండ్రమైపోతాయి. ఫ్లాంక్ డ్రైవ్‌లో సాకెట్టు లోపలి మూలలను కాస్త గుండ్రంగా మలిచి, ఒత్తిడి నట్టు పలకల మీద పడేట్టు చేశారు. పేటెంటు గడువు తీరాక ఆ పద్ధతిని అందరూ ఎత్తుకున్నారు. ఇప్పుడు చవక సెట్లలో కూడా అదే ఉంటుంది. 1950ల నాటి అమెరికన్ సాకెట్టు కన్నా నేటి తైవాన్ సాకెట్టు నట్టును బాగా పట్టుకుంటుందని నా అభిప్రాయం. ఇక్కడ కొందరు పెద్దలు ఒప్పుకోరు, నాకు తెలుసు.

మిగతా ఊళ్లు ఒక్కొక్కటే. ఎస్‌కె 2010లో దివాలా తీసింది, ఇల్లినాయ్‌లోని ఐడియల్ ఇండస్ట్రీస్ కొని నిలబెట్టింది, 2021లో చైనాలోని హాంగ్‌ఝౌకు చెందిన గ్రేట్‌స్టార్‌కు అమ్మేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును అపెక్స్ 2017లో దక్షిణ కెరొలినాలో సమ్టర్ ఫ్యాక్టరీతో పాటు మూసింది. కొలరాడోలో వెస్టర్న్ ఫోర్జ్ 2020లో మూతపడింది. స్నాప్-ఆన్ కూడా తన సొంత ఊరు కెనోషాలోని పనిముట్ల ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు 2003లో ప్రకటించింది, పనిని మిల్వాకీకి, టెనెసీకి మార్చుకుంది.

పూత సంగతి ఒకటి మరిచిపోయాను. క్రోమియం పూత తొట్టెల్లో వాడే రకం క్యాన్సర్ కారకం. 2006లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దించింది. మంచి పనే, ఆ తొట్టి పక్కన నిలబడేది మనిషే కదా. కానీ గాలి పీల్చే యంత్రాలు, శుద్ధి వ్యవస్థలు, పరీక్షలు, ఇవన్నీ చిన్న ఫ్యాక్టరీ నెత్తిన పడ్డాయి. ఆర్డర్లు నిండుగా ఉంటే భరించేవాళ్లు.

ఇప్పుడు మన గుమ్మంలోకి వద్దాం, ఫోర్ట్‌వర్త్. 2017లో సియర్స్ డబ్బు కోసం క్రాఫ్ట్స్‌మన్ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు దాదాపు 90 కోట్ల డాలర్లకు అమ్మింది. ఐదొందల డాలర్లకు కొన్న పేరది! మరుసటి ఏడాది అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషను వేసింది. స్టాన్లీ ఏమంది? క్రాఫ్ట్స్‌మన్‌ను మళ్లీ అమెరికాకు తెస్తాం అంది. 2019 మేలో ఇక్కడ ఉత్తర ఫోర్ట్‌వర్త్‌లో, అలయన్స్ ప్రాంతంలో తొమ్మిది కోట్ల డాలర్లతో, నాలుగు లక్షల పాతికవేల చదరపు అడుగుల ఫ్యాక్టరీ కడతామని ప్రకటించింది. 500 ఉద్యోగాలు. సాకెట్లు, రాచెట్లు, పానాలు. పని ఎక్కువ భాగం రోబోలు, ఆటోమేటిక్ యంత్రాలు చేస్తాయి, కాబట్టి దిగుమతి ధరతో పోటీ పడగలం అన్నారు. మీలో అటువైపు ఇళ్లు కొన్నవాళ్లకు ఆ వార్త గుర్తుండే ఉంటుంది.

2020 చివర్లో తెరవాలనుకున్నారు. ఆ ఏడాది ఏమైందో చెప్పక్కర్లేదు. కొత్త యంత్రాలు అనుకున్నట్టు నడవలేదని వార్తాపత్రికలు రాశాయి. అనుకున్నంత సరుకు దుకాణాలకు చేరలేదు. 2023 మార్చిలో మూసేస్తున్నాం అని ప్రకటించారు. అప్పటికి అక్కడ పనిచేస్తున్నది 175 మంది. స్టాన్లీ అప్పటికే 200 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గింపు కార్యక్రమంలో ఉంది. ఇది కూడా ఆ పట్టికలోకి వెళ్లిపోయింది.

నేను దీన్ని చూసే తీరు ఇది. ఫోర్జింగ్ అంటే తెల్లారేసరికి నేర్చుకునే పని కాదు. డై ఎప్పుడు అరిగిందో చప్పుడు బట్టి చెప్పే మనుషులుంటారు. వాళ్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనో సమ్టర్‌లోనో ఉండేవాళ్లు, ఆ ఫ్యాక్టరీలు మూసినప్పుడు రిటైరయ్యారు, వేరే పనుల్లో చేరారు. స్టాన్లీ చేయబోయింది ఏమిటంటే, ఎవరూ పరీక్షించని యంత్రాలను కొత్త ఊళ్లో కొత్తవాళ్లతో ఒకేసారి నడపడం. పాత పద్ధతి ప్రెస్సులతో మెల్లగా మొదలుపెట్టి, ఒక వరస సాకెట్లు సరిగ్గా చేసి, తర్వాత రోబోను తెచ్చుకుని ఉంటే? అప్పుడు సరుకు ఖరీదయ్యేది. ఖరీదైతే క్రాఫ్ట్స్‌మన్ అన్న పేరుకు అర్థమే లేదు. పదేళ్లు నష్టానికి అమ్మే ఓపిక ఉన్న కొనుగోలుదారు, అంటే పాత సియర్స్ లాంటివాడు, లేడు. అందుకే నాకు ఆ యంత్రాల మీద పెద్ద కోపం లేదు.

మరి మిగిలినవాళ్లు ఎలా మిగిలారు? ఒహాయోలో బార్బర్టన్ అనే ఊళ్లో రైట్ టూల్ అని ఉంది, 1927 నుంచి. ఇప్పటికీ సాకెట్లు అక్కడే చేస్తుంది. వాళ్ల సరుకు మీకు హోమ్ డిపోలో కనిపించదు. గనులు, రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాలు కొంటాయి. సైన్యం కూడా. బెర్రీ సవరణ అని ఒక చట్టం ఉంది. రక్షణ శాఖ కొనే చేతి పనిముట్లు అమెరికాలో తయారైనవే అయి ఉండాలంటుంది. స్నాప్-ఆన్, ప్రోటో, రైట్ లాంటివాళ్లకు అది పెద్ద ఊతకర్ర. చూశారా, ఇక్కడ కూడా ఆర్డరే. సియర్స్ బదులు పెంటగాన్. తేడా అల్లా పెంటగాన్ ఫాదర్స్ డే సేల్ పెట్టదు. (నవ్వులు)

ప్రశ్నలకు సమయం ఇస్తానన్నాను. ముందే ఒకరు చీటీ పంపారు: ‘ఇప్పుడు అమెరికన్ సెట్టు చవకగా కొనాలంటే ఏం చేయాలి?’

కొత్తది కావాలంటే విలియమ్స్ చూడండి. 1993 నుంచి అది స్నాప్-ఆన్‌దే. పారిశ్రామిక కొనుగోలుదారుల కోసం, వ్యాను ఖర్చు లేకుండా అమ్ముతారు కాబట్టి తక్కువ. కాకపోతే ఆ పేరు మీద దిగుమతి సరుకు కూడా ఉంటుంది, ఒక్కో వస్తువు ముద్ర చూసి కొనండి. ‘మేడ్ ఇన్ యుఎస్ఎ’ అని ఉంటే దాదాపు పూర్తిగా ఇక్కడే తయారై ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. రాచెట్ల మీద ఆ ముద్ర తప్పుగా వేసిందన్న అభియోగం మీద స్టాన్లీ 2006లో రెండు లక్షల ఐదువేల డాలర్ల జరిమానా కట్టింది. ‘అమెరికాలో డిజైన్ చేసినది’, ‘ప్రపంచ ముడిసరుకుతో అమెరికాలో కూర్చినది’ లాంటివి వేరే సంగతి, అక్కడ కళ్లద్దాలు పెట్టుకుని చదవండి.

పాతది అయితే ఇంకా నయం. గరాజ్ సేళ్లు, ఎస్టేట్ సేళ్లు, తాకట్టు కొట్లు. క్రాఫ్ట్స్‌మన్ సాకెట్టు మీద పేరు పక్కన V అక్షరం ఉంటే అది మూర్ వాళ్లు చేసిన కాలపుది. ఆరు పలకలవి ఏరుకోండి, పన్నెండు పలకలవి బిగుసుకుపోయిన నట్టు మీద జారతాయి. పూత పెచ్చులుగా లేచిపోయి ఉంటే వదిలేయండి, ఆ అంచు వేలు కోస్తుంది. రాచెట్టును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పండి, ప్రతి పన్నుకూ టిక్కు వినిపించాలి. తడబడితే లోపల పన్ను విరిగి ఉండొచ్చు, కొన్నింటికి లోపలి భాగాలు విడిగా దొరుకుతాయి గానీ అన్నింటికీ కాదు. సెట్టు మొత్తం ఉందా లేదా లెక్కపెట్టండి. 10 ఎంఎం మాత్రం ఉండదు, అందరూ పోగొట్టుకునేది అదే. ఏ పాత సెట్టులోనూ ఉండదు. అది విడిగా రెండు కొనుక్కోండి, తైవాన్‌దైనా పర్వాలేదు.